సుంకులమ్మ చెట్లకి పోయని నీళ్లు

సుంకులమ్మకి దొర కాణ్ణుంచి తోటపనికి పిలుపొచ్చేటప్పటికి, పోనే పోనని మొత్తుకున్నిందంట. ఎందుకంటే ఆమెకి ముందు దొర వాకిట్లో తోటపని చేసిన పెద్దోబులేసు ఉన్నాడే, వాని చేతికింద గులాబీలూ మల్లెలూ ఎండిపాయెనని, దొర వాణ్ణి ఆ వాకిట్లోనే రాతికంబానికి కట్టేపిచ్చినాడు. ఎండకి వాడు మళ్లా లేయలేదు. అదీ దొరంటే! వానల్లేక బావులు అడుగంటి, జనం గొంతు తడుపుకొనేదానికి లేక అల్లాడతా ఉంటే, ఆయప్పకి పూలు కావాల. "వచ్చే ఎండాకాలం నా కూతుర్ని చూసేదానికి వస్తారు. వాకిలంతా పూలుండల్ల. ఎండిందా, కంబం అట్లే ఉండాది" అన్నాడంట.

సుంకులమ్మ ఏం చేసిందంటే, మల్లెల జోలికే పోలేదు. గుట్టల్లో తిరిగి, ఎవురూ నీళ్లు పోయకున్నా పచ్చగా ఉండేదేదో, మేక మూతి పెట్టందేదో చూసుకున్నింది. గన్నేరు తెచ్చింది, దేవగన్నేరు కొమ్మ తెచ్చింది, కలబంద పిలకలు తెచ్చింది, పాడుబడిన బంగళా మీద పాకిన కాగితాల పూల కొమ్మలు తెచ్చి గోడెంబడి నాటింది. వేరు పట్టేదాకా చెంబుతో పోసింది, అంతే. పట్టినంక వాటికి నీళ్లెందుకు? అడుగంటని దొర బావి నీళ్లు మాత్రం చెట్లకని దినామూ కడవలు కడవలు ఇస్తాండ్రి. ఆ కడవలన్నీ ఆమె గోడకింద తూములో వంచేది. అవతల ఊళ్లో ఆడోళ్లు బిందెలు పెట్టుకొని కూచునేటోళ్లు. వంచేటప్పుడల్లా ఆమెకి భయమే. చెప్పుల చప్పుడైతే చాలు, కడవ ఎత్తుకొని చెట్ల కాడికి ఉరికేది. రేపట్నుంచి మానేస్తా అనుకునేది. తెల్లారితే మళ్లా వంచేది. ఎండాకాలమొచ్చె. కాగితాల పూలు ఆకు కానరాకుండా పూసె!

ఒకదినం దొర ఆ పూలు చూసి మురిసిపోయి, వంగి పాదులో చెయ్యి పెట్టినాడు. మన్ను పొడిపొడి. "నీళ్లేవి?" అన్నాడంట. సుంకులమ్మ పోయి తూముకి అడ్డం నిలబడింది. తూముకాడ తడి చూసినాడు, అర్థమైపాయ. "నా నీళ్లు ఊరోళ్లకి పోస్తాండావా? పెండ్లివారు వచ్చిపోనీ, నీ పని చెప్తా" అని కొట్టంలో తోపిచ్చి గొళ్లెం పెట్టిచ్చె. తూము మూపిచ్చి, పొద్దునా సాయంత్రం చెట్లకి కడవలు కుమ్మరిపిచ్చె. కొట్టం సందులోనించి ఆమెకి కంబం కనపడతాంటే, చూల్లేక కండ్లు మూసుకునేదంట. బయటేమైందంటే, కలబంద కుళ్లిపాయ. కాగితాల పూలన్నీ రాలి ఆకే ఆకు! అది అంతే కదా, నీళ్లు జాస్తయితే ఆకేస్తాది, ఎండబెడితేనే పూస్తాది. దొరకేం తెలుసు?

పెండ్లివారొచ్చేదానికి ఇంక నెల దినాలే ఉండె. ఇప్పుడు దొరకి పట్టుకున్నింది భయం. కొట్టం తలుపు తీసి, "పూలేమైనాయే?" అంటే, "నాకు తెల్దు దొరా, నేనట్ల పోస్తాంటి, అవట్ల పూస్తాండె" అన్నిందంట. ఏది చేస్తే ఏమైతాదో అని దొర దేంట్లోనూ వేలు పెట్టలేకపాయ. "మునుపెట్ల పోస్తాంటివో అట్లే పొయ్యి, పో" అని మొగం తిప్పుకొని, తూము తీపిచ్చినాడు.

పెండ్లివారొచ్చేటప్పటికి గోడంతా ఎర్రగా పూసింది. పెండ్లికి కూడా పూలు కావాల కదా, దొర మళ్లా కంబం మాటెత్తలేదు. సుంకులమ్మ బతికింది, ఊరూ బతికింది. ఎంత ధైర్యం గలామె అంటారు మావోళ్లు. యాడ ధైర్యం నాయనా? వానలొచ్చేదాకా వంచిన ప్రతి కడవా వణుకుతానే వంచింది. ధైర్యమున్నోళ్లంతా గోడకి అవతలే కూచోనుండ్రి కదా, బిందెలు పెట్టుకొని!