ఆఫీసుకెళ్ళిందని చెప్పు

మంగళవారం ఉదయం ఏడింటికి, తెల్లాపూర్లో ఎనిమిది టవర్ల అపార్టుమెంట్లోని ఫ్లాట్లో జయంతి ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుంది. ఆ ఉద్యోగం మానేసి వారమైంది. పదకొండున్నర విమానానికి ఒక్కతే డబ్లిన్ వెళ్ళిపోతోంది. రెండేళ్ళుగా తన పక్కనే పడుకుంటున్న అక్క కొడుకుకి ఆ సంగతి చెప్పలేదు.

“సూట్‌కేసు ఏదే?” అని అక్క అడిగింది.

“రాత్రే సెక్యూరిటీ గదిలో పెట్టించానక్కా. వాడు చూస్తే గోల చేస్తాడు.”

“దొంగలా పోతావన్నమాట.”

“నా బతుకు నేను మొదలుపెట్టుకోవద్దా?”

“వద్దన్నానా? పొమ్మని పోరింది నేనేగా.”

“వాడు ఏడిస్తే నేను కదల్లేను. లేచాక ఆఫీసుకెళ్ళిందని చెప్పు.”

“ఎన్నాళ్ళు చెప్పమంటావు?”

“అలవాటయ్యేదాకా.”

“వాళ్ళ నాన్న పోయినప్పుడూ వాడికి అదే చెప్పావు.”

“అప్పుడు వాడికి మూడేళ్ళక్కా. ఏం చెప్పాలో తోచలేదు.”

“రోజూ సాయంత్రం బాల్కనీలో ఎందుకు నిలబడతాడనుకున్నావు?”

“నా కోసం కాదా?”

“నువ్వొచ్చాక కూడా నిలబడతాడే. నువ్వు స్నానానికి పోతావు, చూడవు.”

జయంతి బ్యాగు కింద పెట్టింది.

“నామీద కోపం తెచ్చుకుంటాడేమో.”

“తెచ్చుకోనీ. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది.”

కింద కారు హారన్ కొట్టింది. జయంతి గదిలోకి వెళ్ళి పిల్లవాణ్ణి లేపి, డబ్లిన్ వెళుతున్నానని చెప్పింది.

“అది ఏ టవర్లో ఉంది పిన్నీ?”

“ఇక్కడ కాదు నాన్నా. చాలా దూరం.”

“సాయంత్రం వచ్చేస్తావుగా?”

రానని జయంతి చెప్పింది.