ముందు అడగండి, తర్వాత గీయండి

అందరికీ నమస్కారం. ఆఫీసు మిత్రులకు, ముందు వరుసలో ఉన్న బావగారికి, అక్కతో వెబ్‌సైట్లు చేయించుకుని ఇవాళ షాపులు మూసి మరీ వచ్చిన మీ అందరికీ. వెనక కుర్చీలున్నాయి, కూర్చోండి. నన్ను మాత్రం కూర్చోమనకండి. అక్క పోయిన దగ్గర్నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

అక్క నాకు తోడబుట్టింది కాదు. ఆమె ప్లాను వేసేది, పక్క కుర్చీలో నేను కోడు రాసేవాణ్ణి. ఆఫీసులో అందరికీ ఆమె అక్కే, ఆమెకన్నా పెద్దవారైన మన మేనేజరుగారికి కూడా.

ఆమె పద్ధతి మీకు తెలుసు. క్లయింటు వచ్చి కూర్చోగానే మేం రంగులు చూపించబోయేవాళ్లం. అక్క లాప్‌టాప్ మూసేసేది. "ఉండండి. ఈ సైటు తెరిచేదెవరు? ఏ పని మీద తెరుస్తారు? అప్పుడు వాళ్లెలా ఉంటారు?" ఇవి తేలకుండా ఒక్క గీత గీయనిచ్చేదా? ససేమిరా!

మరి నిన్న మీటింగులో ఏం విన్నాం? "ఇకనుంచి ముందు డిజైన్ చూపించేద్దాం, ప్రశ్నలు తర్వాత చూసుకోవచ్చు" అన్నారు మేనేజరుగారు. సార్, ఆమె బ్యాగు ఇంకా ఆ కుర్చీకే వేలాడుతోంది! అంత తొందరేమొచ్చింది? నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ మైకు పట్టుకున్నాను.

పళ్ల డాక్టరుగారు వచ్చారు, అదుగో, కిటికీ పక్కన. అప్పట్లో తన సైటు మొదటి పేజీ నిండా తన భవనం ఫొటో కావాలన్నారు. అక్క ఏం చేసింది? వెళ్లి ఆయన క్లినిక్‌లో ఫోన్లు ఎత్తే అమ్మాయి పక్కన కూర్చుంది. రోజంతా ఫోన్లలో ఒకటే గోల. నొప్పి తట్టుకోలేకపోతున్నాం, డాక్టరుగారున్నారా? తిరిగొచ్చి, "చెంప పట్టుకుని ఏడ్చేవాడికి మీ బిల్డింగెందుకండీ? మీరున్నారో లేదో చెప్పండి చాలు" అంది. ఆయన మూతి ముడుచుకున్నారు. ఇప్పుడు నవ్వుతున్నారు చూడండి. నవ్వండి సార్, ఫర్వాలేదు.

ఇంకోసారి, చనిపోయినవారిని తీసుకెళ్లే వ్యాన్లు నడిపే ఆయన వచ్చారు. పూలు కావాలి, సంగీతం కావాలి, పేరూ చిరునామా రాయించుకునే ఫారం కావాలి. అక్క అన్నీ కొట్టేసింది. "ఇది తెరిచేవాళ్ల చేతులు వణుకుతుంటాయి. వాళ్లతో ఫారం నింపిస్తారా? పెద్ద అక్షరాలతో ఒక్క నంబరు పెట్టండి. మిగతాది ఫోన్లో మీరే అడగండి." మరీ బోడిగా ఉందమ్మా అని ఆయన గొణిగారు. ఎంత గొణిగినా అక్క పట్టు వదల్లేదు. చివరికి ఆయనే దిగొచ్చారు.

మొన్న ఆస్పత్రి వరండాలో బావగారు గోడకి ఆనుకుని కూలబడిపోయారు. ఏర్పాట్లు నువ్వే చూడు అన్నారు. ఫోన్లో ఆ వ్యాన్లాయన సైటు తెరిచాను. కళ్లకి అన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. ఆ నంబరొక్కటే కనిపించింది. నొక్కాను. ఏదేదో చెప్పబోయాను. "కంగారు పడకండి, ఎక్కడున్నారో చెప్పండి చాలు" అందొక గొంతు. ఎవరికోసం అంత పోట్లాడావక్కా? నాకోసమా? ఆ పూలూ ఆ ఫారమూ ఉండుంటే ఆ క్షణంలో నేనేమైపోయేవాణ్ణి?

క్షమించండి. ఏడుపు ఆగడం లేదు.

మేనేజరుగారూ, మీరు రాయిలాంటివారని నేననను. అక్క లేకుండా పనెలా నడుస్తుందోనన్న బెంగతోనే ఆ మాట అన్నారు. ఆ బెంగ నాకూ ఉంది. కానీ రేపు పొద్దున కొత్త క్లయింటు వస్తున్నారు. ఇళ్లకు నర్సులను పంపేవారు. ఆ సైటు తెరిచేదెవరు? మంచాన పడ్డ తల్లిని వదల్లేక, ఉద్యోగం మానలేక నలిగిపోయే కూతురు. ఆమెకేం కావాలో కనుక్కోకుండా రంగులేస్తామా? ప్రశ్నలు నేనడుగుతాను సార్. నాకు ఓపిక తక్కువని అందరూ అంటారు, తక్కువే. అయినా అడుగుతాను. ఆ పని నాకివ్వండి.

బావగారూ, మీరు లేవకండి. మిగతా అందరం లేద్దాం. కాసేపు ఎవరం మాట్లాడొద్దు, అక్కనే తలుచుకుందాం. తర్వాత మైకు మీరే తీసుకోండి, మేనేజరుగారూ. మీ జవాబు అక్క మనుషులందరి ముందూ చెప్పండి.