లియోంటీన్ మొదటి ముద్ద

ఆగమ్మాయ్, ఆగు. ఆ ఫోర్కు కింద పెట్టు. పుట్టగొడుగుల ఆమ్లెట్టేగా? అయితే ముందు నేనో ముద్ద తినాలి. అట్లా చూడకు, ముసలాడికి ఆకలేసి అడగట్లేదు. ఈ హోటల్లో అదో పద్ధతి. వండినామె వచ్చి, తినేవాళ్ళ ఎదురుగా మొదటి ముద్ద తిని, మింగి, నోరు తెరిచి చూపించాలి. ఇప్పటి వంటపిల్ల ఇదంతా చాదస్తం అంటుంది, అందుకే నేనిక్కడ కూర్చుంటా. ఎవరు పెట్టారా? అదిగో, గోడమీద ఫొటోలో, మనమేదో దొంగతనం చేసినట్టు చూస్తోందే, ఆ లియోంటీన్. హోటలు ఆవిడదే. పోయి ఇరవై ఆరేళ్ళయింది. నోరుందే... బాబోయ్! సూపు అడుగున మిగిలినదాంట్లో ఎర్ర వైను పోసుకుని, పళ్ళెం ఎత్తి తాగకపోతే "ఏం, నా సూపు చేదయిందా?" అని మీదకొచ్చేది. నువ్వు తాగావా? బతికిపోయావు.

నన్ను ఒదిలోన్ అంటారులే. ఆ రోజుల్లో అడవిలో ఏరి ఆవిడకి తెచ్చిచ్చేది నేనే. మా దగ్గర నారింజరంగు పుట్టగొడుగు ఒకటుంది. విచ్చుకోకముందు, ఇంకా తెల్లటి గుడ్డులా ఉన్నప్పుడే దాని రుచి. చిక్కేమిటంటే, మనిషిని చంపేది కూడా చిన్నప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. కోసి చూడాలి. లోపల పచ్చసొన రంగుంటే మంచిది. తెల్లగా ఉంటే పాతిపెట్టి చేతులు కడుక్కోవాలి. మా తాత వేళ్ళమీద కొట్టి మరీ నేర్పాడు. కానీ లియోంటీన్ ఒప్పుకునేదా? "కోసినవి ఎండి చెప్పుతోలవుతాయిరా, కోయకుండానే తే, నేను కోసుకుంటాగా" అనేది. ఆవిడ చూస్తుందిలే అని నేను. ఒదిలోన్ చూసే ఉంటాడులే అని ఆవిడ. ఇరవై ఏళ్ళు అట్లాగే గడిచిపోయింది.

ఆ రోజు... ఏమంటున్నా? ఆఁ, సంత రోజు. హోటలు కిటకిట. లియోంటీన్ పొద్దున్నే పన్ను పీకించుకొచ్చి, చెంపకి గుడ్డ కట్టుకుని ఉంది. బుట్ట ఇచ్చేసి ఇంటికొచ్చా. నాకోసం రెండు ఉంచుకున్నాలే, మధ్యాహ్నం వేపుకుందామని మొదటిది కోశా. లోపల తెల్లగా ఉందమ్మాయ్. అదే చెట్టుకింద ఇంకెన్ని ఏరాను? రెండా, ఐదా? గుర్తులేదు. పరుగెత్తా. అప్పటికి ఆమ్లెట్లు తిన్నది ఒక్క జంటే. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, బెల్జియం నుంచి మోటార్‌సైకిల్ మీద స్పెయిన్ పోతున్నారు. గంట క్రితమే వెళ్ళిపోయారు. తొక్కలు పొయ్యిలో పడ్డాయి, చూసి తేల్చుకుందామన్నా ఏం మిగల్లేదు. లియోంటీన్ మొహం పాలిపోయింది. "నేను చూడలేదురా... నీ బుట్ట కదా!" అంది.

డాక్టరొచ్చాడు, పోలీసులొచ్చారు, దారిపొడుగునా ఫోన్లు. ఆ విషం తిన్నవెంటనే తెలీదు, సగం రోజు గడిచాకే పట్టుకుంటుంది. అందుకని ఊరంతా లియోంటీన్‌నే చూస్తూ కూచుంది. ఆ రోజూ ఆ జంట ఎదురుగా మొదటి ముద్ద తిన్నది ఆవిడేగా! ఆవిడ దగ్గితే చాలు, పేకాట ఆపేసి "కడుపులో ఎట్లా ఉంది?" అని అడిగేవాళ్ళు. మర్నాడు పన్నెండయింది. ఆవిడ నిక్షేపంలా ఉంది. డాక్టరు నాడి చూసి నవ్వాడు. "ఈవిడ బాగుందంటే వాళ్ళూ బాగున్నట్టే" అని పోలీసు పెద్ద ఫోను చేసి వెతుకులాట ఆపించేశాడు. అక్రోటు సారా సీసాలు తెరిచారు. నన్ను ఎత్తుకుని తిప్పారు కూడానూ.

అప్పుడు లియోంటీన్ వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. వెళ్ళా. నా చెయ్యి పట్టుకుంది. "ఒదిలోన్... నేను మింగలేదురా. పన్ను సలుపు. నోట్లో పెట్టుకుని, ఇటు తిరిగి ఏప్రన్‌లో ఉమ్మేశా" అంది. బయట అందరూ నవ్వుతున్నారు. వెళ్ళి చెబుదాం అన్నా. అన్నానా? అన్నాననే అనుకుంటున్నా. "నువ్వు జైలుకెళ్తావురా, నా తలుపులు మూతపడతాయి" అంది. భయమేసిందమ్మాయ్. ఇంకేం చెప్పను, చచ్చేంత భయమేసింది. బయటికొచ్చి, అందరితోపాటు నేనూ ఓ గ్లాసు తాగా.

వాళ్ళ సంగతా? తెలీదు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఈ మింగి నోరు తెరిచి చూపించడం మాత్రం ఆ తర్వాతే పెట్టింది ఆవిడ. తను చచ్చిపోయేదాకా ఏ మోటార్‌సైకిల్ చప్పుడైనా లియోంటీన్ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చేది. పోలీసులని ఒకసారి, వాళ్ళేనేమోనని ఒకసారి. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ... సరే, ఆ పళ్ళెం ఇటు జరుపు.

ఊఁ. వెల్లుల్లి కాస్త ఎక్కువేసింది ఈ పిల్ల. మింగా. ఇదిగో నోరు. కాదు, సరిగ్గా చూడు, నాలుక కింద కూడా చూడు. చూశావా? ఇక తిను, చల్లారిపోతోంది.