గంటా పది నిమిషాలు

శనివారం మధ్యాహ్నం, వంటగది. ఉద్యోగం చేసే ఊరి నుంచి వారాంతానికి వచ్చిన భర్త చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు.

“ఏడొందల ఇరవై కిలోమీటర్లు. విమానంలో గంటా పది నిమిషాలు. కంప్యూటర్లో చూశాను.”

“చూశావులే. ఎదురుగాలి ఉంటే?”

“ఉంటే పావుగంట. మూడు గంటలు వీస్తుందా, మీ ఒక్కరి మీదే?”

“సామాను రావాలి కదా.”

“ఏ సామాను? చేతిలో సంచేగా!”

“దార్లో ట్రాఫిక్...”

“ఇవాళ ఏమైంది ఆ ట్రాఫిక్? తిన్నగా ఇంటికి రాకపోతే తాళం వేసి మా అన్నయ్య దగ్గరికి పోతానన్నాను. రెండింటికల్లా గుమ్మంలో ఉన్నారు. ఏడు శనివారాలుగా ఐదు దాటితే గానీ ఇల్లు గుర్తు రాలేదు మీకు.”

“గొంతు తగ్గించు.”

“తగ్గించను. ఎవరావిడ?”

“ఏ ఆవిడ?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఏ ఆవిడ?”

“బుద్ధుందా నీకు? వారమంతా ఆ మిషన్ల మధ్య చచ్చీ చెడీ వస్తే గుమ్మంలోనే కోర్టు పెడతావా? జరుగు!”

“ఆ స్టూలునెందుకు తన్నారు?”

“తంతాను! నా ఇల్లు, నా స్టూలు!”

“హమ్మయ్య. ఈయనే నాకు తెలిసిన మనిషి. ఏడు వారాలుగా వస్తున్నాయన ఎవరో నాకు తెలీదు. కూరలో ఉప్పు మర్చిపోతే నోరెత్తడు. పిల్ల ఆఫీసు కాగితాల మీద పాలు ఒలకబోస్తే నవ్వుతాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ నవ్వు ఎవరు నేర్పి పంపిస్తున్నారు?”

“ఎవరూ లేరే.”

“పిల్ల మీద ఒట్టేసి చెప్పండి.”

“పిల్లని మధ్యకి లాగకు.”

“అయితే ఉంది.”

“లేరన్నానా! అక్కడే కూర్చుంటాను.”

“ఎక్కడ?”

“ఎయిర్‌పోర్టులో. సామాన్లు తీసుకునే చోట, మూల కుర్చీలో.”

“ఎవరితో?”

“నా మొహంతో! ఒక్కణ్ణే. మా మేనేజరు పదిమంది ముందు నన్ను కడిగేస్తాడు. నోరు మూసుకుని పడతాను. విమానం దిగేసరికి అదంతా ఇక్కడ, గొంతులో, అలాగే ఉంటుంది. ఆ రోజు గాజు గ్లాసు విసిరానా, పెంకు పిల్ల పాదంలో గుచ్చుకుందా... ఆ తర్వాతి వారం నుంచీ కూర్చుంటున్నాను. గంటా పది నిమిషాల్లో దిగట్లేదే అది. మూడు గంటలు పడుతోంది.”

“రైల్లో రావచ్చుగా మరి!”

“టిక్కెట్టు కంపెనీ వాళ్లది.”

“నాతో చెప్పి ఏడవచ్చుగా!”

“ఏమని? మీ మొహాలు చూడాలంటే ముందు నేను చల్లారాలి అనా?”

“ఏడు వారాలు నన్ను కాల్చుకు తిన్నారు. ఏడు వారాలు!”

“ఇవాళా కూర్చునేవాణ్ణి. నువ్వే కదా తిన్నగా రమ్మన్నావు.”

“అంటే తప్పు నాదా?”

“అనలేదే... పిల్లేది?”

“స్టూలు పడగానే మంచం కింద దూరింది.”

“బుజ్జీ... బుజ్జితల్లీ... బయటికి రామ్మా. ఇంక అరవను.”

“నాన్నా, నువ్వెళ్లి కాసేపు కూర్చుని రా.”