గట్టు మీద మీటరు

ఏలూరులో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు వాటంతటవే తిరిగే ప్రోగ్రామ్ రాస్తుంది పెర్సిస్. ఎదురుగా ఆమె మేనేజరు సుకుమార్.

“తీయనండి.”

“ఎన్నిసార్లు చెప్పాలమ్మా పెర్సిస్? నువ్వు కోడ్ పంపగానే తప్పులు పట్టే బాట్ చదివింది, ఆరు లైన్లకి ఎర్ర గుర్తు పెట్టింది. ఆ ఆరు లైన్లు తీసేస్తే పచ్చ వస్తుంది, ప్రోగ్రామ్ చెరువులకు వెళ్లిపోతుంది. ఐదింటికల్లా వెళ్లాలి.”

“వెళ్లకపోతే పోనివ్వండి.”

“అసలు బాట్ ఏం రాసిందో చదివావా?”

“చదివానండి. ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు ఏరేటర్ వేయడం అనవసరమంట, తీసెయ్యాలంట. దానికేం తెలుసండీ? ఎప్పుడైనా చెరువు గట్టెక్కిందా?”

“నువ్వెక్కావా?”

“కలిదిండిలో పుట్టానండి నేను. గట్టు మీదే నడక నేర్చాను.”

“సరే, సరే. ఆక్సిజన్ బాగుంటే ఏరేటర్ ఎందుకు మరి? కరెంటు దండగ కాదూ?”

“వల విసిరేటప్పుడు తగులుకుంటుందని, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు తీసి గట్టున పెడతారండి. మళ్లీ నీళ్లలో వేయడం మర్చిపోతారు. గాల్లో ఆక్సిజన్‌కేం కొదవండీ? నిండుగా చూపిస్తూనే ఉంటుంది. ఏరేటర్ తిరగదు. తెల్లారేసరికి రొయ్యంతా చచ్చిపోతుంది. అందుకే అంకె గంటసేపు కదలకపోతే నమ్మొద్దు, ఏరేటర్ వేసెయ్ అని రాశాను.”

“బాగానే ఉంది కానీ...”

“కానీ ఏంటండీ?”

“బాట్ మాట కాదంటే దాని కింద మనిషి పేరు పడాలి. రేపేదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది.”

“అయితే నా పేరు వేయండి.”

“నీ పేరు వేస్తే నీ ఉద్యోగం పోద్ది.”

“పోతే పోద్దండి. తీయనంటే తీయను.”

“అబ్బబ్బ, ఏం మొండిదానివమ్మా! అయినా అంత ఖరీదైన మీటరు గట్టున వదిలేసే రైతు ఎవడుంటాడు? ఒక్క పేరు చెప్పు చూద్దాం.”

“చిట్టిబాబు గారండి. కలిదిండి. పోయిన వేసవిలో రెండెకరాల రొయ్య పోయింది.”

“ఆ చెరువులో ఉన్నది... మన ప్రోగ్రామేనా?”

“మనదేనండి. ఆయన మా నాన్న. ఆ ప్రోగ్రామ్ రాసింది నేను. అది రాసి పంపిన రోజు మీ బాట్ ఒక్క తప్పూ లేదని పచ్చ గుర్తు పెట్టింది.”