జోజినిన్

ఆఫీసు బల్లకి అటువైపు గుమస్తా సుబ్రహ్మణ్యేశ్వరరావు. ఇటువైపు సలోమి, తోడొచ్చిన ఆడపడుచు జాస్మిన్. సలోమి భర్త టర్కీకి పనికెళ్ళి అక్కడే పోయాడు. బల్ల మీద అక్కడి ఆసుపత్రి కాగితం.

“మళ్ళీ అదే మాటంటారేంటి సలోమిగారూ? మీ ఆయన జోజి. ఇందులో పోయినాయన జోజినిన్. వితంతు పింఛను ఎలా రాయమంటారు?”

“ఆయనేనండి రావుగారూ. నాలుగోసారి తిరగడం ఇది. పింఛను రాకపోతే మళ్ళీ కొబ్బరి పీచు పనికే పోవాలండి. ఆ దుమ్ముకి నాకు ఆయాసం. కాగితం మీ ఫైల్లోనే ఉండిపోయిందని ఈసారి జాస్మిన్‌నే తెచ్చేను. కువైట్‌లో టర్కీవాళ్ల ఇంట్లో ఆరేళ్లు చేసిందండి. చెప్పు జాస్మిన్.”

“నిన్ అంటే పేరు కాదండి. జోజి యొక్క అని. పేరుకే అతికించేస్తారు. మనం జోజి ఇల్లు అంటామా, వాళ్లు జోజినిన్ ఎవి అంటారు. ఎవ్ అంటే ఇల్లండి. ఇల్లుగలాయనకీ ఓ తోక, ఇంటికీ ఓ తోక.”

“ఇంటికెందుకండీ?”

“ఆయనదేనని అదీ ఒప్పుకోవాలి కదండి.”

“బాగుందండి. మరిక్కడ జోజిది ఏంటంట?”

“నాషి. శవం అండి. అన్నయ్య శవం.”

“విన్నారు కదండీ. ఇంక రాసెయ్యండి.”

“ఆయ్, రాస్తానండి. లైనంతా తెలుగులో రాసుకుని ఈవిడ సంతకం తీసుకుంటే చాలు. నాషి తర్వాత?”

“తర్వాతేం లేదండి. అప్పజెప్పేరు అని.”

“మధ్యలో ఇంకో మాటుంది కదండి. ఎషినె.”

“అది... ఊరికే అండి.”

“ఆసుపత్రి కాగితంలో ఊరికే ఎందుకు రాస్తారండీ?”

“చెప్పు జాస్మిన్.”

“రేపొద్దాం వదినా.”

“రేపా? ఐదోసారా? చెప్పు.”

“ఎష్ అంటే... పెళ్ళాం. ఎషి అంటే ఆయన పెళ్ళాం. చివర నె అంటే... కి.”

“ఆయన భార్యకి అప్పజెప్పేరు. సరిపోయిందండి, భార్య మీరేగా.”

“నాకెక్కడ అప్పజెప్పేరండీ? శవాన్ని పంపడం కుదర్లేదు, అక్కడే పాతిపెట్టేం అన్నారు కంపెనీ వాళ్లు. నేను కొత్తపేట దాటి ఎక్కడికెళ్ళేను?”

“వదినా, లే. వెళ్ళిపోదాం.”

“జాస్మిన్. నీకు తెలుసా?”

“ఓసారి ఫోన్లో వెనకాల ఎవరో ఆడమనిషి... నేను అడగలేదు వదినా. అడిగితే చెప్పేస్తాడని అడగలేదు.”

“నాకెందుకండి మీ ఇంటి సంగతులు. సందేహం తీరింది, అది చాలు. పోయినాయన జోజి అని దిద్దేస్తున్నాను.”

“ఆగండి రావుగారూ. మీరు మొదట్నుంచీ చెప్పిందే నిజమండి. పోయినాయన జోజినిన్. ఆయనెవరో నాకు తెలీదు.”