సంచి మీది పొడుగు మాట

రమిజాబీ అని ఒక టీచరమ్మ ఉండె. నల్లరేగడి ఊర్లలో ఒక ఊరి బడికి వొచ్చిందంట. అంతకుముందు ఆ బడిలో ఒక అయ్యవారుండె. ఎట్లాంటోడంటే, చేతిలో చింతబరికె, పిల్లోళ్ళు గడగడా చదవాల, అంతే. నోరు తిరగని మాట వొచ్చిందనుకో, ఊఁ అని గొంతు సవరించుకొని దాటేయాల. ఆగితే దెబ్బ. ఆయన దగ్గర చదివినోళ్ళంతా అట్ల దాటేసేటోళ్ళే. ఈ రమిజాబీ వొచ్చి ఏం జేసిందంటే, ఆ బరికె తీసి పొయ్యిలో పెట్టింది. "ఏమిరా, మీ ఊరికి తెలీని మనిషి వొస్తే ఏం జేస్తారు?" అనిందంట. "ఎవురి పక్కన వొచ్చినాడో వాళ్ళను అడుగుతాం టీచరమ్మా" అన్న్యారు పిల్లోళ్ళు. "ఆఁ, తెలీని మాట గూడా అంతే. దాని ముందరోళ్ళను అడుగు, వెనకాలోళ్ళను అడుగు, వాళ్ళే చెప్తారు" అని, కర్షకుడు మడక భుజానేసుకొని చేనికి పాయె, అని బోర్డు మీద రాసింది. కర్షకుడంటే ఎవురు? ఎవురికీ తెల్దు. ఉలిగమ్మ అని ఒక సన్నపిల్ల లేచి, "మడక మోసుకొని పొయ్యేది ఎవురు టీచరమ్మా, మా నాయనట్లా రైతే గదా" అనింది. ఇంగ ఆ పొద్దు నుంచి ఆ పిల్లకు అదే ఆట. యాడ కాగితం ముక్క కనపడినా కూచోని దాని ఇరుగుపొరుగును అడగడమే.

ఇంగ ఆ ఊరి మర్యాద ఒకటుండాది, అది చెప్పకుంటే మీకు కత తెలీదు. విత్తేముందర జొన్నలకు పసుపూ కుంకుమా కలిపి, విత్తనమేసే గొర్రుకు పూజ చేస్తారు. విత్తినాక మిగిలిన గింజలన్నీ ఊరంతటికీ ఒకే కుండలో గుగ్గిళ్ళు ఉడకబెడతారు. ఊర్లో అందరికంటే పెద్ద ముసలామె పొద్దన్నుంచి పచ్చి నీళ్ళు ముట్టకుండా ఉండి తొలి పిడికెడు తింటాది. ఆమె తిన్నాకనే పిల్లోళ్ళు. ఆ ఏడు ఆ ముసలామె ఎవురంటే, ఈ ఉలిగమ్మ అవ్వే, బజారమ్మ. తల్లి లేని పిల్లను ఆమే సాకింది.

ఏమైందంటే, ఆ ఏడు ముసురు పట్టి గాదెల్లో విత్తనమంతా బూజు పాలాయె. కంపెనీ జొన్నలు సంచుల్లో తెచ్చుకున్న్యారు. విప్పి చూస్తే గింజలన్నీ ఎర్రగా ఉండాయంట! అందరూ తీసి కళ్ళకద్దుకున్న్యారు. "చూడండ్రా, కంపెనీవోళ్ళు గూడా మనట్లే కుంకుమ పెట్టి పంపినారే" అని. సంచి మీద ఏందో రాసుంటే, చదువు కంబగిరీ, అని కంబగిరి తాతకు చూపించినారు. ఊర్లో కాగితాలు చదివేది ఆయనే, పాత అయ్యవారి శిష్యుడు. "ఈ విత్తనముల ఊఁ... ఊఁ... పశువులకు అందనీయరాదు, ఊఁ... చేతులు సబ్బుతో కడుగవలెను" అని గడగడా చదివి ఆడికి ఆపేసినాడు. ఊరికి అర్థమైపాయె. దేవుని గింజ పశువులకెట్ల పెడతాం, చేతులు కడుక్కోకుండా ఎట్ల ముడతాం, అదే చెప్పినారు పాపం, అనుకున్న్యారు. నవ్వొద్దురా. మీరున్నా అట్లే అనుకుందురు.

విత్తడమాయె. కుండ పొయ్యి మీదికెక్కె. ఊరి పిల్లోళ్ళంతా మోదుగాకులు పట్టుకొని బజారమ్మ వాకిట్లో కూచున్న్యారు. ఉలిగమ్మ ఒక మూలకు ఖాళీ సంచి పరుచుకొని కూచోని, అలవాటు గదా, దాన్నే చదువుతా ఉంది. ఈ విత్తనముల భక్షణ నిషిద్ధము. రెండు మాటలూ తెలీవు. దాటేయలేదు ఆ పిల్ల. ఇరుగుపొరుగును అడగబట్టె. పశువులకు అందనీయరాదు. ముట్టిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగవలెను. ఖాళీ సంచిని లోతుగా పూడ్చవలెను. పిల్ల తనలో తనే అనుకుంటాంది, ముట్టకముందర కాదే, ముట్టినాక కడగమంటాండారే. పూజ గింజైతే ముట్టినాక చెయ్యి కళ్ళకద్దుకుంటాం గానీ సబ్బుతో రుద్దుతామా? దేవుని సంచైతే దాచిపెట్టుకుంటాం గానీ గుంత తీసి పూడుస్తామా? ముట్టుకుంటేనే ఇంత భయమైతే, మరి నోట్లో పెట్టుకుంటే? అప్పుడు ఆ రెండు మాటలూ ఎవురూ చెప్పకుండానే తెలిసిపోయినాయంట. ఆ ఎరుపు కుంకుమ గాదు, పురుగుల మందు.

తలెత్తి చూస్తే అప్పటికే కుండ దించినారు. పిల్లోళ్ళు ఆకులు చాపినారు. "తినొద్దండ్రా, విషం అది!" అని అరిచింది. "దేవుని గింజను విషమంటావా మే!" అని కంబగిరి తాత చెయ్యెత్తినాడు. ఇంగ చెప్తే వినరని, ఉరికి పొయ్యి కుండను కాలితో ఒక్క తన్ను తన్నింది. గుగ్గిళ్ళు వాకిలంతా పడిపాయె. పిల్ల కాలు కాలి బొబ్బలెక్కె. పూజ కుండను తన్నిన పిల్లను ఊరుకుంటారా? ఎవురి చేతికి చిక్కితే వాళ్ళు కొట్టినారు. వాళ్ళు కొడతా ఉండంగానే కోళ్ళు వొచ్చి ఆ గుగ్గిళ్ళు ఏరుకొని తిని, కొంచేపటికి తలలు వాలేసి కొట్టుకోబట్టె. కొట్టే చేతులు అట్లే ఆగిపాయె. అప్పుడు ఆ పిల్ల అవ్వ తట్టు చూసిందంట. అవ్వ పెదాలు ఎర్రగా ఉండాయి. తొలి పిడికెడు ఆమెదే గదా. పిల్ల సంచి చదువుకుంటా ఉన్నప్పుడే, పొద్దన్నుంచి ఉత్త కడుపుతో ఉండిన మనిషి, ఆకలికి రెండో పిడికెడు గూడా తినేసింది.

బండి కట్టినారు. కంబగిరి తాతే ఏడ్చుకుంటా తోలినాడంట. పెద్దాసుపత్రి చానా దూరం. దారిలో అవ్వ పిల్ల ఒళ్ళో తల పెట్టుకొని, "ఏం రాసినారు మే దాని మీద?" అని అడిగింది. "భక్షణ నిషిద్ధము అని అవ్వా." "అంటే?" "తినొద్దని." ముసలామె "తినొద్దు అని రాసేదానికి వాళ్ళకేం రోగమే?" అనింది. అంతే. దారిలో వంకనీళ్ళు దాటకముందరే అవ్వ ప్రాణం పాయె.

ఇంగ నేను చెప్పేదేముంది నాయనా. ఊరి పిల్లోళ్ళంతా బతికినారు. రమిజాబీ టీచరమ్మ సల్లగుండాలని ఊరంతా దండం పెడితే, ఆయమ్మ తల ఎత్తలేదంట, ముసలామెకు గూడా చదువు చెప్పింటే బాగుండేదని ఏడ్చిందంట. నాకు మాత్రం ఆయమ్మ మీదా కోపం లేదు, కంబగిరి మీదా లేదు. మొన్న అంగడికి పోతే జొన్న సంచి ఒకటి చూసినా. నా మనవరాలితో చదివించినా. ఇంగా అవే మాటలుండాయి. ఎవురికోసరం రాస్తారో ఏమో గానీ, తినేటోళ్ళ కోసరమైతే కాదు.